ప్లాటు రాయి మీద సీతాకోక: విశాఖలో నాలుగు రోజులు

విశాఖ వెళ్తున్నానని చెబితే మా బడిలో అందరూ ఒకటే అడిగారు, అరకు వెళ్తారా, బొర్రా గుహలు చూస్తారా అని. నేను వెళ్లింది గడ్డి కోసం. ఆ గడ్డిలో తిరిగే ఒక సీతాకోకచిలుక కోసం. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను. అనుకరణ పాఠం వచ్చినప్పుడల్లా డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే ఆ సీతాకోక బొమ్మ చూపించడమే తప్ప దాన్ని కళ్లారా చూసింది లేదు. చూడకుండానే రిటైరవుతానేమోనన్న బెంగ ఈ ఏడాది గట్టిగా పట్టుకుంది.

దాని సంగతి ముందే కొంచెం చెప్పాలి. ఆడదాన్నీ మగదాన్నీ పక్కపక్కన పెడితే రెండూ ఒకే జాతి అంటే ఎవరూ నమ్మరు. మగది మఖమల్ నలుపు. ఒక్కో వైపు మూడేసి తెల్ల మచ్చలు, ఎండ తగిలితే వాటి చుట్టూ ఊదా నీలం మెరుపు. ఆడది నారింజ రంగు, ముందు రెక్కల కొసలు నలుపు, ఆ నలుపులో తెల్ల పట్టీ. ఆ వేషం ప్లెయిన్ టైగర్ అనే మరో సీతాకోకది. ప్లెయిన్ టైగర్ గొంగళి పురుగు జిల్లేడు జాతి ఆకులు తిని ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ ఆ రంగుల జోలికి పోదు. విషం లేని మన ఆడ సీతాకోక ఆ రంగులు తొడుక్కుని ప్రాణం కాపాడుకుంటుంది. ఇలాంటి వేషాల వెనకున్న మర్మాన్ని అమెజాన్ అడవుల సీతాకోకలను చూసి హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ఆంగ్లేయ ప్రకృతి పరిశోధకుడు 1862లో వివరించాడు. దీన్ని చూడటానికి మనం అమెజాన్ దాకా పోనక్కర్లేదు. జిల్లేడు, గంగపాయల రెండూ మొలిచే బయలు ఉంటే చాలు. ఎందుకంటే ఈ సీతాకోక గొంగళి పురుగుల ప్రధాన ఆహారం గంగపాయల కూర. మనం పప్పులో వేసుకునేదే.

డిసెంబరు 4, గురువారం: బురుజుపేట, పూర్ణా మార్కెట్

పొద్దున దిగగానే పిన్ని సంచి లోపల పెట్టనిచ్చి, స్నానం చేయించి, బురుజుపేట తీసుకెళ్లింది. మార్గశిర గురువారం కనకమహాలక్ష్మి దర్శనం చేసుకోకుండా ఆ ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. వరుసలో రెండు గంటలు నిలబడ్డాం. ముందున్న ఆవిడ తన పసుపు పొట్లం విప్పి నాకూ చారెడు పెట్టింది, నా చేతులు ఖాళీగా ఉన్నాయని. అమ్మవారి మీద కప్పు లేదు. ఎండా వానా ఆవిడ మీదే పడతాయి.

అక్కడి నుంచి పూర్ణా మార్కెట్. తోటకూర, గోంగూర, చుక్కకూర, బచ్చలి, అన్నీ ఉన్నాయి. గంగపాయల మాత్రం ఆరు దుకాణాల్లో అడిగినా లేదు. ఏడో చోట, గోనెసంచి పరుచుకుని కూర్చున్న ఒక పెద్దావిడ దగ్గర నాలుగు కట్టలు కనిపించాయి. కట్ట పదిహేను రూపాయలు.

"ఎక్కడిదమ్మా ఇది?"

"ఆనందపురం అవతల నుంచి తెచ్చాను తల్లీ. ఇదివరకు మధురవాడలోనే కోసేవాళ్లం. ఇప్పుడక్కడ కోయడానికి నేల ఏదీ? ఇంటి ముందు మొలిచినా మందు కొట్టేస్తున్నారు."

రెండు కట్టలు తీసుకుంటే మూడోది ఊరికే ఇచ్చింది. అడిగి మరీ కొనేవాళ్లు ఈ మధ్య తగ్గిపోయారట.

మధ్యాహ్నం పిన్ని పప్పులో వేసింది. చింతపండు మామూలుగా వేసే దాంట్లో సగమే వేసింది, ఆకులోనే పులుపు ఉంటుంది కనుక. ఉడికాక ఆ కాడలు కాస్త జిగురుగా, నాలుక మీద మెత్తగా జారతాయి. పక్కన ఊరమిరపకాయ. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. మా బాబాయి జంతుశాస్త్రం లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. ఆయన తినడం మానేసి, వండకుండా మిగిలిన కట్టలోని ఆకులను ఒక్కొక్కటే తిప్పి అడుగు భాగం చూస్తూ కూర్చున్నారు. గుడ్లేమీ దొరకలేదు.

డిసెంబరు 5, శుక్రవారం: తొట్లకొండ

రుషికొండ దాకా ఆటో, అక్కడి నుంచి భీమిలి బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు ఇచ్చాడు. ఆ బస్సులో చేపల గంపలతో వెళ్తున్న ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ ఉచితం వల్ల రోజూ మిగిలే డబ్బుతో ఏం కొంటున్నారో ఒకరికొకరు చెప్పుకుంటూ ఉంటే వినడానికి హాయిగా ఉంది. మంగమారిపేట దగ్గర దిగి కొండ ఎక్కాను.

తొట్లకొండకు ఆ పేరు రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చింది. సుమారు రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారు. 1970లలో నౌకాదళం విమానం నుంచి సర్వే చేస్తున్నప్పుడు ఈ శిథిలాలు బయటపడ్డాయి. తర్వాత తవ్వకాల్లో స్తూపాలు, విహారాలు తేలాయి. వచ్చినవాళ్లంతా స్తూపం దగ్గర, సముద్రం వైపు ఫొటోలు తీసుకుని దిగిపోతారు. నేను కొండ వాలు వైపు, గడ్డిలోకి వెళ్లాను. వర్షాలు ఆగి కొద్ది రోజులే అయింది. గడ్డి మోకాలి ఎత్తున, కొసలు పసుపు తిరుగుతూ ఉంది. మధ్యలో ఈత పొదలు, జిల్లేళ్లు, ఎర్ర కంకర తేలిన నేల.

నారింజ రంగు రెక్కలు చాలానే కనిపించాయి. కనిపించిన ప్రతిసారీ గుండె ఝల్లుమంది. గుర్తు పట్టడానికి ఒక కిటుకు ఉంది, వెనక రెక్క మధ్యలో చూడాలి. అసలైన ప్లెయిన్ టైగర్‌కు అక్కడ మూడు నాలుగు నల్ల చుక్కలు గుంపుగా ఉంటాయి. వేషం వేసినదానికి ఆ గుంపు ఉండదు, పై అంచున ఒక్క మచ్చ ఉంటుంది. పిట్టలకు ఆ లెక్క తెలియదు, మనకు తెలియాలి. మధ్యాహ్నం పన్నెండు వరకు పదిహేడు లెక్కపెట్టాను. పదిహేడింటికీ చుక్కలున్నాయి.

వాలు కింద ఒక గొర్రెల కాపరి చెట్టు నీడన చద్దన్నం తింటున్నాడు. నన్ను చూసి ముందు మంచినీళ్ల సీసా చాచాడు, తర్వాత అడిగాడు ఏం పోగొట్టుకున్నారని. చెప్పాను. నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "పాయల ఆకు ఇంత గడ్డిలో మొలవదమ్మా. గొర్రె తిరిగిన చోట, నేల కనబడే చోట మొలుస్తుంది. ఇక్కడికి మందలు రావడం తగ్గిపోయింది. గడ్డి ఎదిగి, ఎండి, వేసవిలో అంటుకుంటోంది" అన్నాడు. పైన నిలబడి నేను మూడు గంటల్లో గ్రహించలేనిది ఆయన ఒక్క ముద్ద మింగేలోపు చెప్పేశాడు. ఎండుచేప ముక్క ఒకటి నా చేతిలో పెట్టాడు. కాదనలేదు.

మంగమారిపేటలో తాటాకు పాక కింద అన్నం, చేపల పులుసు, వంజరం వేపుడు ముక్క. నూట యాభై రూపాయలు. పులుసులో మామిడి ఒరుగు వేసింది ఆ ఇల్లాలు.

సాయంత్రం రుషికొండ ఇసుకలో కూర్చుని ముంత మసాలా తింటూ కాపరి మాట చెబితే బాబాయి ఉలిక్కిపడ్డారు. "అచ్చం ఇంగ్లండులో జరిగిందే" అంటూ లార్జ్ బ్లూ కథ చెప్పారు. పాఠంలో చెప్పుకోవాల్సిన కథ అది. అక్కడి పచ్చిక బయళ్లలో బతికే ఈ నీలి సీతాకోక గొంగళి మొదట వైల్డ్ థైమ్ అనే సువాసన మొక్క పూలు తింటుంది. తర్వాత నేల మీదికి రాలి, ఎర్రచీమను నమ్మించి దాని పుట్టలోకి చేరుతుంది. చీమల పిల్లలను తింటూ సుమారు పది నెలలు మట్టిలోనే ఉంటుంది. అందుకు తగిన చీమ ఒక్క జాతే. ఆ చీమకు వెచ్చటి నేల కావాలి, అంటే గడ్డి పొట్టిగా మేసి ఉండాలి. 1950లలో ఒక జబ్బు వచ్చి అక్కడి కుందేళ్లు కుప్పలుగా చచ్చిపోయాయి. పశువుల మేపూ తగ్గింది. గడ్డి కొద్దిగా పెరిగింది, నేల కొద్దిగా చల్లబడింది, చీమ పోయింది, వెనకే సీతాకోక పోయింది. సీతాకోకలను పట్టుకుపోయేవాళ్ల వల్లే తగ్గుతోందని అంతకుముందే కంచెలు వేశారట. కంచె వల్ల మేత ఆగి ఇంకా చేటు జరిగింది. 1979లో బ్రిటన్‌లో అది అంతరించిందని ప్రకటించారు. జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త ఆ చీమ గుట్టు తేల్చాక, నేలను మళ్లీ మేపించి, 1980లలో స్వీడన్ నుంచి తెచ్చి వదిలారు. ఇప్పుడు మళ్లీ ఎగురుతోంది.

"ప్రేమ ఉంది వాళ్లకు, కంచె కట్టేంత ప్రేమ. అది గడ్డిలో ఎలా బతుకుతోందో కూర్చుని చూసినవాళ్లు లేరు" అన్నారు బాబాయి. ముంత నలభై రూపాయలు. ఉల్లిపాయ ఎక్కువ వేయమంటే ఎక్కువ వేశాడు.

డిసెంబరు 6, శనివారం: దారి తప్పిన చోట

బావికొండ బౌద్ధ శిథిలాలు చూద్దామని బయల్దేరాను. ఆటో అతను రెండు వందలు తీసుకుని, "ఈ రోడ్డే తిన్నగా" అని ఒక మలుపులో దింపాడు. తిన్నగా వెళ్తే పెద్ద కమాను వచ్చింది, దాని వెనక లేఅవుట్. సిమెంటు రోడ్లు, ఇంకా బల్బులు లేని స్తంభాలు, వరుసగా పాతిన హద్దు రాళ్లు, రాళ్ల మీద ఎర్రరంగుతో నంబర్లు. ఇల్లు ఒక్కటీ లేదు. వెనక్కి తిరగబోతుండగా నూట పద్నాలుగో నంబరు రాయి మీద నల్లటిది ఒకటి కదిలింది.

రోడ్డు మీదే కూర్చుండిపోయాను. తొమ్మిది నలభై నుంచి పదకొండు వరకు లేవలేదు.

మగది. రెక్కలు సగం విప్పి, ఎండకు వీపు పెట్టి, రాయి అంచున కూర్చుంది. ఆ తెల్ల మచ్చలు దూరానికి సున్నపు చుక్కల్లా ఉన్నాయి. రెక్క వాలు మారిన క్షణంలో వాటి అంచున నీలం వెలిగి ఆరిపోయింది. చిన్న సీతాకోక ఒకటి అటుగా వస్తే దాని మీదికి దూకి తరిమింది. తిరిగొచ్చి అదే రాయి, అదే మూల. తూనీగ వస్తే తూనీగను తరిమింది. కాకి నీడ పడితే దాన్నీ తరమబోయింది. ఇరవై మూడుసార్లు లేచింది, ఇరవై మూడుసార్లు అదే చోట వాలింది. ఆ ప్లాటు కొన్నదెవరో నాకు తెలియదు. ఆ పొద్దున దానికి కాపలా కాసింది మాత్రం ఇదే.

కాసేపటికి ఆడది వచ్చింది. నారింజ రంగు, వెనక రెక్క మధ్య నున్నగా, చుక్కల గుంపు లేకుండా. గొంతులో ఏదో అడ్డుపడింది నాకు. నేలకు జానెడు ఎత్తున ఎగురుతూ, ఒక్కో మొక్కనూ ముందు కాళ్లతో తట్టి చూస్తూ వెళ్తోంది. గడ్డిని తట్టి వదిలేసింది, వయ్యారిభామను తట్టి వదిలేసింది. గంగపాయల దగ్గర ఆగి, తోక భాగం ఆకు కిందికి వంచి, ఒక్క క్షణం. అది వెళ్లాక పడుకుని చూశాను. దళసరి ఆకు అడుగున గసగసంత గుడ్డు, లేత ఆకుపచ్చ గాజులా, నిలువు గీతలతో.

"ఏమమ్మా, పడిపోయారా?" అని కంగారుగా పరుగెత్తుకొచ్చింది వాచ్‌మన్ భార్య.

రేకుల షెడ్డులో ఉంటారు వాళ్లు. బొబ్బిలి వైపు నుంచి వచ్చి రెండేళ్లయిందట. నన్ను లోపల కూర్చోబెట్టి చోడి (రాగి) అంబలి, పచ్చి ఉల్లిపాయ ఇచ్చింది. డబ్బు తీయబోతే ముఖం చిన్నబుచ్చుకుంది. "మా గుమ్మం ముందుకొచ్చి ఉత్త నోటితో వెళ్తారా?" అంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అక్కడి నుంచి చూస్తే లేఅవుట్ రెండు రంగుల్లో ఉంది. రోడ్డుకు అటువైపు ప్లాట్లన్నీ కాలినట్టు గోధుమ రంగు. ఇటువైపు ఆరేడు ప్లాట్లు పచ్చగా. అటువైపు కలుపు మందు కొట్టారు. ప్లాట్లు చూడటానికి వచ్చేవాళ్లకు పిచ్చి మొక్కలు కనబడకూడదని వీపుకు పంపు కట్టుకున్న మనిషి వచ్చి కొడతాడట. ఇటువైపు ఎందుకు కొట్టలేదంటే ఈమె అడ్డుపడింది. "మేం తినే ఆకు ఉంది ఇక్కడ, కొట్టొద్దన్నాను. ఈసారికి వదిలేశాడు."

ఈసారికి. నేను చూసిన ఆ ఆడదీ, ఆ మగదీ, ఆ గుడ్డూ అన్నీ ఈ ఒక్క మాట మీద ఆధారపడి ఉన్నాయి. పేదింటి పప్పు కోసం ఒక ఆడమనిషి అడ్డుపడి ఉండకపోతే నేను బావికొండ దారి అడిగి వెళ్లిపోయేదాన్ని.

కోసిన ఆకు ఒక కట్ట నాకు ఇచ్చింది. రాత్రి పిన్నితో కలిసి కూర బాగుచేస్తుంటే ఒక కాడ కింద ముదురు రంగు పురుగు బయటపడింది. చిటికెన వేలి గోరంత పొడవు, ఒళ్లంతా కొమ్మలు వేసిన ముళ్లు, తల మీద రెండు కొమ్ములు. పిన్ని కెవ్వుమంది. బాబాయి భూతద్దం తెచ్చారు. ఆ రాత్రి మా ఇంట్లో గంగపాయల వండలేదు.

చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం. ఈ సీతాకోక ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉంది, రేపో మాపో భూమి మీద నుంచి మాయమయ్యేది కాదు. ఆ మాట దాచకూడదు. కానీ మధురవాడ నుంచి మాయం కావచ్చు, మా తెనాలి నుంచి ఇప్పటికే మాయమై ఉండవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడే జీవుల జాబితాల్లో పులితో పాటు దీన్నీ చేర్చారు. దీన్ని వలేసి పట్టుకుంటే నేరం. ఇది తినే మొక్కను, అది మొలిచే నేలను ఎకరాలకు ఎకరాలు మందుతో చంపితే మాత్రం ఎవరూ అడగరు. రెవెన్యూ కాగితాల్లో గడ్డి నేలకు బంజరు అని, మేత పోరంబోకు అని పేర్లు. అమ్మేవాళ్ల నోట ఖాళీ స్థలం. దాన్ని బాగుచేయాలనుకునే మంచివాళ్లు కూడా మొక్కలు నాటి అడవి చేస్తారు, లేకపోతే ఒకే రకం పచ్చిక పరిచి పార్కు చేస్తారు. ఎండ నేలకు తగలాల్సిన చోట నీడ వేస్తే గంగపాయల బతకదు. నేనూ పిల్లలతో ప్రతి జూలైలో అలాగే నాటించాను. బడి వెనక జాగాలో గుంటలు తీసే ముందు అక్కడ ఏం మొలుస్తోందో ఒక్కసారీ చూడలేదు.

డిసెంబరు 7, ఆదివారం: కంబాలకొండ, మళ్లీ ఆ రాయి

పొద్దున్నే కంబాలకొండ వెళ్లాం. 2002లో అభయారణ్యంగా ప్రకటించిన అడవి, డెబ్బై చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. నగరం పక్కనే ఇంత అడవి ఉండటం విశాఖ అదృష్టం. క్రిమ్సన్ రోజ్ సీతాకోకలు, నల్ల రెక్కలు, ఎర్ర ఒళ్లు, దారి పొడవునా కనిపించాయి. వాటికి ఈశ్వరి తీగ కావాలి, ఆ తీగ అడవిలో భద్రంగా ఉంది. విశాఖ చుట్టుపక్కల సీతాకోకల జీవితచక్రాలను, అవి తినే మొక్కలను ఆంధ్ర విశ్వవిద్యాలయ పర్యావరణ శాస్త్ర విభాగం వారు ఏళ్ల తరబడి నమోదు చేశారు. తమ విద్యార్థులు కొందరు ఆ పనిలో ఉండేవారని బాబాయి గర్వంగా చెప్పారు. అంతా బాగుంది. నా మనసు మాత్రం స్టీలు డబ్బాలో, తడి గుడ్డ మీద పెట్టిన కాడ దగ్గర ఉంది.

పదకొండింటికి లేఅవుట్ చేరాం. ఈసారి తిన్నగానే వెళ్లాం. బాబాయి రాయి దగ్గర ఆగిపోయారు, మగది అక్కడే ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా గొంతుక్కూర్చున్నారు.

వాచ్‌మన్ భార్యకు డబ్బా మూత తీసి చూపించాను. "ఓ, ఇదా! కూర దులిపేటప్పుడు రాలుతూనే ఉంటుంది, నల్ల ముళ్ల పురుగు" అంది. ఇదే రేపు ఆ రాయి మీద కూర్చున్నదిగా మారుతుందని చెబితే పురుగునూ రాయినీ మార్చి మార్చి చూసింది. తర్వాత షెడ్డులోకి వెళ్లి పాత చీర అంచు చింపి తెచ్చింది. నేను అడగలేదు. నూట పద్నాలుగో రాయి నుంచి నూట పంతొమ్మిదో రాయి దాకా కట్టుకుంటూ వెళ్లింది. "మందు మనిషి మంగళవారం వస్తాడు. ఇది దాటొద్దని చెబుతాను. వింటాడో లేదో తెలియదు, చెప్పడం మాత్రం చెబుతాను."

ఆమె గుడ్డ కడుతుంటే నేను కాడను గంగపాయల గుబురులో, ఆకులు తగిలేలా ఆనించాను. పురుగు చాలాసేపు కదలలేదు. తర్వాత తలెత్తి, ఆ రెండు కొమ్ములూ అటూ ఇటూ ఊపి, పాత కాడ వదిలి పక్క ఆకు మీదికి ఎక్కింది. అంచు నుంచి కొరకడం మొదలుపెట్టింది. బాబాయికి అంబలి తేవడానికి ఆమె షెడ్డులోకి వెళ్లింది.